పొగగొట్టం చుట్టూ ఉండే సందు

ఉత్తర అమెరికాలో చలి తీవ్రంగా ఉండే ప్రాంతాలలో ఇండ్లను ఎక్కువగా కలపతో కడతారు. చలి కాచుకొనే పొయ్యి నుండి ఇటుకల పొగగొట్టం పైకి లేచి, గది కప్పునూ దాని మీది అటకనూ దాటి బయటికి పోతుంది. ఈ గొట్టం ఇంటి లోపలిగుండా పోయేటప్పుడు, దానికీ చుట్టూ ఉన్న దూలాలకూ నడుమ 2 అంగుళాల ఎడం విడవాలని అమెరికాలోని గృహనిర్మాణ నియమావళి చెబుతున్నది. కలప ఏండ్ల తరబడి వేడికి గురి అయితే క్రమంగా బొగ్గుగా మారుతూ, మామూలు కలపకంటె తక్కువ ఉష్ణోగ్రత వద్దనే అంటుకొనే స్థితికి వస్తుంది. కనుక ఆ ఎడం తప్పనిసరి.

అయితే ఇంటిని నిప్పునుండి కాపాడే ఈ సందే గదిలోని వేడిని వృథా చేస్తుంది. కారణమేమి? 0 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద ఒక ఘనమీటరు గాలి ద్రవ్యరాశి సుమారు 1.29 కిలోగ్రాములు, 20 డిగ్రీల వద్ద 1.20 కిలోగ్రాములు మాత్రమే. తేలికైన లోపలి గాలి పైకి లేచి కప్పులోని సందులగుండా వెళ్ళిపోతుంది. దాని స్థానంలోకి క్రింది సందులనుండి చల్లగాలి చొరబడుతుంది. 6 మీటర్ల ఎత్తుగల ఇంటిలో ఇందువల్ల కలిగే పీడనభేదం సుమారు 5 పాస్కల్‌లు. అనగా అర మిల్లీమీటరు నీటిమట్టం కలిగించే పీడనంతో సమానం. ఇది స్వల్పమే గాని, చలికాలమంతా రాత్రింబగళ్ళు పనిచేస్తూనే ఉంటుంది.

పోయేది వేడి ఒక్కటే కాదు. 20 డిగ్రీల వద్ద ఘనమీటరు గాలిలో సుమారు 17 గ్రాముల నీటి ఆవిరి ఇముడుతుంది. 0 డిగ్రీల వద్ద 5 గ్రాములకు మించి నిలువదు. గదిగాలిలో ఆ 17 గ్రాములలో సగమే ఉన్నా, అటకలోని చల్లని కలపను తాకగానే కొంత ఆవిరి నీరవుతుంది. ఆ తడికి కలప చివుకుతుంది.

మరి సందులో గుడ్డపీలికలో, మండే నురుగు పదార్థమో కూరితే సరిపోదా? అట్లా చేస్తే ఎడం విడిచిన ప్రయోజనమే చెడుతుంది. పొయ్యి చల్లారి ఉన్నప్పుడు అటకలోనుండి ఈ పని చేస్తారు. గాల్వనైజు చేసిన ఉక్కురేకును ముక్కలుగా కత్తిరించి, గొట్టాన్ని ఆనుకొని ఉండేటట్లు అమర్చి, దూలాలకు మేకులతో బిగిస్తారు. రేకు గొట్టాన్ని తాకేచోట అధిక ఉష్ణోగ్రతకు తాళగల లప్పం పూస్తారు. రేకు మండదు, గాలిని పోనివ్వదు. దాని క్రింద ఎడం ఎడంగానే ఉంటుంది. వేడి పోకుండా అటకలో పరచిన పదార్థం గొట్టాన్ని తాకకుండా చుట్టూ మరొక రేకును కట్టవలె నిలబెడతారు.

చలిరోజున గదిలో కప్పు సందు దగ్గర వెలిగించిన అగరువత్తిని పట్టుకొంటే, పొగ సందులోకి లాగబడుతున్నదో లేదో తెలుస్తుంది. మన వంటయిండ్ల పొగగూడు పనిచేసేదీ ఈ సూత్రం మీదనే. అక్కడ వేడిగాలి బయటికి పోవడమే మనకు కావలసినది.