హజ్రత్ హఫ్సా (రజి) చేతిలోని అమానతు

హిజ్రీ 7వ సంవత్సరంలో ఖైబర్ ముస్లిముల అధీనంలోకి వచ్చింది. అక్కడ హజ్రత్ ఉమర్ (రజి) గారికి సారవంతమైన భూమి లభించింది. అంతటి విలువైన సొత్తు తనకు మునుపెన్నడూ దక్కలేదని, దానిని ఏం చేయమంటారని ఆయన దైవప్రవక్త (స) వారిని అడిగారు. మూలాన్ని అలాగే నిలిపి ఉంచి, దాని ఫలాన్ని దానంగా పంచమని ప్రవక్త (స) సూచించారు. ఆ భూమిని అమ్మరాదు, కానుకగా ఇవ్వరాదు, వారసత్వంగా పంచుకోరాదు. పేదలు, బంధువులు, బానిసల విముక్తి, దైవమార్గం, బాటసారులు, అతిథులు - వీరికోసమే దాని రాబడి. వక్ఫ్ విధానానికి పునాదిగా ధర్మవేత్తలు నేటికీ చూపే ఉదంతమిది.

ఇంతవరకు మన ప్రసంగాలలో తరచుగా వినిపిస్తుంది. దీని తరువాతి భాగమే అరుదుగా వినిపిస్తుంది. అబూ దావూద్ హదీసు సంకలనంలో ఆ వక్ఫ్ వీలునామా పాఠం నమోదై ఉంది. దాని నిర్వహణ బాధ్యతను హజ్రత్ ఉమర్ (రజి) తమ కుమార్తె, విశ్వాసుల మాతృమూర్తి హజ్రత్ హఫ్సా (రజి) గారికి అప్పగించారు. ఆమె జీవించి ఉన్నంతకాలం ఆమె, ఆ తరువాత ఆ కుటుంబంలోని వివేకవంతులు దానిని చూసుకోవాలి. రాబడిని ఎక్కడ వెచ్చించాలన్న నిర్ణయం కూడా ఆమెదే. హజ్రత్ ఉమర్ (రజి) గారికి కుమారులు లేకపోలేదు. జ్ఞానంలోనూ దైవభీతిలోనూ పేరెన్నికగన్న అబ్దుల్లాహ్ బిన్ ఉమర్ (రజి) ఉన్నారు. అయినా బాధ్యత కుమార్తెకే దక్కింది.

ఆ నమ్మకం వెనుక చదువు ఉంది. షిఫా బిన్త్ అబ్దుల్లాహ్ (రజి) అనే సహాబియా హఫ్సా (రజి) గారికి వ్రాత నేర్పారని హదీసులు తెలుపుతున్నాయి. వ్రాయగలిగిన వారు బహుకొద్దిమంది ఉన్న కాలమది. హజ్రత్ అబూ బక్ర్ (రజి) కాలంలో సంకలనమైన దివ్య ఖుర్‌ఆన్ ప్రతి, హజ్రత్ ఉమర్ (రజి) గారి అనంతరం ఆమె వద్దనే భద్రంగా ఉంది. హజ్రత్ ఉస్మాన్ (రజి) ప్రతులు వ్రాయించదలచి, ఆమెను అడిగి దానిని తెప్పించుకున్నారు. పని పూర్తయ్యాక తిరిగి ఆమెకే పంపారు. ఉమ్మత్‌కు చెందిన గ్రంథమూ, పేదలకు చెందిన భూమీ ఒకే స్త్రీ సంరక్షణలో ఉన్నాయి.

చరిత్రలో ఈ పరంపర ఆమెతో ఆగలేదు. అబ్బాసీ ఖలీఫా హారూన్ రషీద్ ధర్మపత్ని జుబైదా, మక్కాలో హాజీలు నీటికి పడుతున్న కష్టాన్ని చూసి, కొండల నడుమ నుండి కాలువలు తవ్వించారు. నీటి వాలును లెక్కగట్టి రాతినేలలో మైళ్ళకొద్దీ సాగించిన ఆ నిర్మాణం ‘ఐన్ జుబైదా’ పేరుతో శతాబ్దాలపాటు హాజీల దాహం తీర్చింది. 10వ శతాబ్దంలో అలెప్పో పాలకుడు సైఫుద్దౌలా కొలువులో ఆస్ట్రోలేబు పరికరాలు తయారుచేసిన ఇజ్లియా అనే మహిళను ఇబ్నె నదీమ్ తన గ్రంథంలో పేర్కొన్నారు. మన దేశంలో 1920లో అలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయం ఏర్పడినప్పుడు దాని తొలి ఛాన్సలర్ భోపాల్ పాలకురాలు సుల్తాన్ జహాన్ బేగం.

ఈ పాఠాలను మేము ఏళ్ళ తరబడి విద్యార్థులకు బోధించాం. అయినా మా సొంత వీధిలో ఒక తప్పు మా కళ్ళముందే జరిగింది.

కొన్నేళ్ళ క్రితం రంజాన్ మాసంలో మా మస్జిదు కమిటీ జకాత్ సహాయం పంచింది. అర్హులు కార్యాలయానికి వచ్చి పేరు వ్రాయించుకోవాలన్నది నియమం. ఆ జాబితాను సరిచూసినవారిలో మేమూ ఉన్నాం. పండుగ గడిచాక తెలిసింది - పక్క సందులోనే భర్తను పోగొట్టుకున్న ఒక సోదరి ఇద్దత్‌లో ఉన్నారని, పిల్లలతో ఆ నెలంతా అప్పులతో గడిపారని. ఆమె గడప దాటి మా వద్దకు రాలేరు. పదిమంది పురుషులున్న మా కమిటీలో ఒక్కరూ ఆమె ఇంట కూర్చుని పరిస్థితి అడిగి తెలుసుకోలేరు. మా ఖాతా పుస్తకంలో లెక్క పైసాతో సహా సరిపోయింది. హక్కుదారుకు మాత్రం హక్కు చేరలేదు.

అమానతులను వాటి హక్కుదారులకు అప్పగించమని అన్నిసా సూరా 58వ వాక్యంలో అల్లాహ్ ఆజ్ఞాపించాడు. ఆ వాక్యాన్ని ఆ తరువాత పాఠంగా చెప్పిన ప్రతిసారీ మా గొంతు తడబడుతూనే ఉంది.

‘స్త్రీలకు లెక్కలు, నిర్వహణ ఏం తెలుస్తాయి?’ అనేవారు ఇప్పటికీ ఉన్నారు. మన తెలుగు ప్రాంతాలలో ఏ ఊరికి వెళ్ళినా పొదుపు సంఘాలు కనిపిస్తాయి. మన సోదరీమణులు కూడా వాటిలో ఉన్నారు. సమావేశంలో ప్రతి రూపాయినీ అందరి ముందు చదివి, తీర్మానాల పుస్తకంలో సంతకాలు చేయిస్తారు. బ్యాంకు వాయిదా తప్పనివ్వరు. ఆ కట్టుదిట్టం మన కమిటీలలో ఎన్నింటికి ఉంది?

సాంకేతిక పరిజ్ఞానం విషయమూ ఇంతే. 2025లో కేంద్ర ప్రభుత్వం వక్ఫ్ ఆస్తుల వివరాలను ‘ఉమీద్’ పోర్టల్‌లో నమోదు చేయాలన్నది. ఆ చట్టంపై మన సమాజానికున్న అభ్యంతరాలు వేరే చర్చ. కానీ పత్రాలను చదివి, స్కాన్ చేసి, తప్పులేకుండా ఎక్కించగల చదువు మన ఇళ్ళలోని ఆడపిల్లల వద్ద ఉన్నదన్నది వాస్తవం. ఆ చదువును పెళ్ళి సంబంధాల వేళ చెప్పుకోవడానికే పరిమితం చేస్తున్నాం.

షరీఅత్ దీనికి అడ్డు కాదు. ముతవల్లీకి బుద్ధి, యుక్తవయస్సు, నమ్మకస్తత, సామర్థ్యం ఉండాలని హనఫీ ధర్మశాస్త్రం చెబుతుంది. పురుషుడే కావాలని షరతు పెట్టలేదు. దేశ చట్టమూ అడ్డు కాదు. రాష్ట్ర వక్ఫ్ బోర్డులలో కనీసం ఇద్దరు మహిళలు ఉండాలని 2013 సవరణే నిర్దేశించింది. అడ్డుగా ఉన్నది మన అలవాటు మాత్రమే. పర్దాను పాటిస్తూనే స్త్రీలకు వేరుగా సమావేశం జరపవచ్చు. వారి నిర్ణయాన్ని వ్రాతపూర్వకంగా స్వీకరించవచ్చు.

గత షాబాన్ మాసంలో మా కమిటీ ముందు మూడు ప్రతిపాదనలు ఉంచాం. వితంతువుల, అనాథల ఇళ్ళను ఇద్దరు సోదరీమణులు స్వయంగా దర్శించి జాబితా తయారుచేయాలి. జకాత్ ఖాతాను ఏడాదికొకసారి స్త్రీల సభలో కూడా చదివి వినిపించాలి. సహాయం ఎవరికి, ఎంత అన్న నిర్ణయంలో వారి సంతకం ఉండాలి. మొదటిదానికి అందరూ అంగీకరించారు. రెండవదానికి కొందరు తలూపారు. మూడవదానికి మౌనమే సమాధానమైంది.

ఆ మూడవది లేకుంటే మొదటి రెండూ మన పనిని వారిచేత చేయించుకోవడమే అవుతుంది. హజ్రత్ ఉమర్ (రజి) తమ కుమార్తెకు భూమి కాపలాను మాత్రమే అప్పగించలేదు. ఎక్కడ వెచ్చించాలో నిర్ణయించే అధికారాన్నీ అప్పగించారు. అందుకే ఆ ప్రతిపాదనను మేము విరమించుకోలేదు. వచ్చే సమావేశంలో మళ్ళీ ఉంచుతాం.

పాఠకులారా, మీ మహల్లాలో జాబితా ఎవరు వ్రాస్తున్నారో, అందులోకి రాలేని గడపలు ఎన్ని ఉన్నాయో ఒకసారి విచారించండి. హక్కుదారులకు హక్కు చేర్చే సద్బుద్ధిని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక. ఆమీన్.