పుష్కరాల లెక్కలో శేషమే కీలకం

గద్వాల: ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లాలోని బీచుపల్లి, రంగాపూర్, సోమశిల ఘాట్లలో 2016 ఆగస్టులో కృష్ణా పుష్కరాలు జరిగాయి. అంతకు ముందువి 2004లో, దానికి మునుపటివి 1992లో వచ్చాయి. ఈ మూడు సంఖ్యలనూ 12తో భాగిస్తే శేషం సున్నాయే. అంటే మూడూ 12 గుణిజాలే. అలంపూర్ వద్ద తుంగభద్ర పుష్కరాలు జరిగిన 2008, 2020 సంవత్సరాలను భాగిస్తే రెండింటికీ 4 మిగులుతుంది. విద్యార్థులు కష్టమని భావించే భాజనీయత పాఠమంతా ఇందులోనే ఉంది.

శేషం అంటే...
విభాజకాన్ని భాగఫలంతో గుణించి శేషాన్ని కలిపితే విభాజ్యం వస్తుంది. 2020 = 12 × 168 + 4. శేషం ఎప్పుడూ విభాజకం కంటే చిన్నది. కనుక 12తో భాగించినప్పుడు 0 నుంచి 11 వరకు పన్నెండు శేషాలే సాధ్యం. ఒకే శేషం వచ్చే రెండు సంఖ్యల మధ్య తేడా తప్పక 12 గుణిజమే అవుతుంది.

భాగించకుండానే...
ఒక సంఖ్య 3తోనూ, 4తోనూ నిశ్శేషంగా భాగింపబడితే 12తోనూ భాగింపబడుతుంది. 2016లో అంకెల మొత్తం 9. అది 3 గుణిజం. చివరి రెండంకెలు 16. అది 4 గుణిజం. 10, 100, 1000లను 3తో భాగిస్తే ప్రతిసారీ 1 మిగులుతుంది కాబట్టే అంకెలను కూడితే సరిపోతుంది. నూరు 4 గుణిజం కాబట్టే చివరి రెండంకెలు చాలు. అయితే 2, 6లతో పరీక్షిస్తే పొరపాటే. 18 ఆ రెండింటితో భాగింపబడినా 12తో భాగింపబడదు. 3, 4లకు 1 తప్ప ఉమ్మడి కారణాంకం లేకపోవడమే అసలు కారణం.

అవ్వ వయసు తేలేదిలా
జనన పత్రం లేని వృద్ధులకు పుట్టిన సంవత్సరం పేరే ఆధారం. ఉగాది నాటి ఇంగ్లిషు సంవత్సరం నుంచి 6 తీసివేసి 60తో భాగిస్తే, ప్రభవ మొదలుకొని ఎన్నో పేరో శేషం చెబుతుంది. శేషం సున్నా అయితే అరవయ్యోది, అక్షయ. 1945కు 19 మిగులుతుంది. అది పార్థివ. 2005కూ 19 మిగులుతుంది. పార్థివలో పుట్టానని అవ్వ చెప్పినా, మనుమరాలు చెప్పినా శేషం ఒకటే. ఎన్నో ఆవృత్తమో భాగఫలమే చెప్పాలి. జనవరి నుంచి ఉగాది లోపు పుట్టినవారు ముందటి సంవత్సరాన్ని తీసుకోవాలి.

లెక్కకూ హద్దుంది
గురుగ్రహం సూర్యుని చుట్టి రావడానికి 12 కాదు, సుమారు 11.86 సంవత్సరాలు పడుతుంది. ఒక్కో ఆవృత్తానికి దాదాపు యాభై రోజుల తేడా పేరుకుపోతుంది. అందుకే పుష్కర శేషం శాశ్వతం కాదు. లెక్క ప్రకారం కృష్ణకు తదుపరి గుణిజం 2028. తేదీని మాత్రం గురువు కన్యారాశి ప్రవేశాన్ని గణించి పంచాంగమే నిర్ణయిస్తుంది.