మూల నలిగితే ధర దిగుతుంది: గ్రేడింగ్ కార్డుల విశేషాలు

బబుల్‌గమ్‌తో వచ్చిన క్రికెటర్ల బొమ్మలనూ, డబ్ల్యూడబ్ల్యూఎఫ్ ట్రంప్ కార్డులనూ నోటుపుస్తకాల మధ్య దాచుకున్న తరం మన దగ్గరా ఉంది. అమెరికాలో ఆ అలవాటే పెద్ద మార్కెట్టుగా ఎదిగింది. అక్కడ ఆటగాళ్ల కార్డులను నిపుణులకు పంపి పరీక్ష చేయిస్తారు. దాన్నే గ్రేడింగ్ అంటారు. కార్డుకు 1 నుంచి 10 వరకు మార్కు పడుతుంది. ఎంత మార్కు వస్తుందో, వస్తే ఎంత ధర పలుకుతుందో పంపేముందే అంచనా కట్టడం ఓపిక కావలసిన విద్య. ఆ విద్య చుట్టూ అల్లుకున్న విశేషాలివి.

★ నాణేలే దారి చూపాయి
కార్డుల కన్నా ముందు ఈ పద్ధతి నాణేలకు వచ్చింది. 1986లో డేవిడ్ హాల్, ఆయన సహచరులు పీసీజీఎస్ అనే నాణేల గ్రేడింగ్ సంస్థను పెట్టారు. అదే అనుభవంతో 1991లో కార్డుల కోసం పీఎస్ఏ మొదలైంది. పరీక్ష అయిన కార్డును గట్టి పారదర్శక ప్లాస్టిక్ పెట్టెలో పెట్టి, తెరిస్తే ఆనవాలు తెలిసేలా మూసేస్తారు. వ్యాపారంలో ఆ పెట్టె పేరు స్లాబ్.

★ నాలుగు చోట్ల చూపు
పరీక్షించేవారు ముఖ్యంగా చూసేవి నాలుగు: బొమ్మ మధ్యకు ఉందా, మూలలు పదునుగా ఉన్నాయా, అంచులు చిట్లాయా, ఉపరితలం మీద గీతలో మరకలో ఉన్నాయా. ఎడమ కుడి మార్జిన్లను కలిపి 100 అనుకుంటే, పీఎస్ఏలో పదికి పది రావడానికి ముందు వైపు 55-45 తేడాకే అనుమతి. వెనక వైపు 75-25 దాకా సరిపెట్టుకుంటారు. పాత కార్డుల మీద కనిపించే మరకల్లో ప్యాకెట్టులోని బబుల్‌గమ్ వదిలినవీ ఉంటాయి.

★ తొమ్మిదికీ పదికీ మధ్య అగాధం
1986 ఫ్లీర్ కంపెనీ సెట్‌లో 57వ నంబరు కార్డు బాస్కెట్‌బాల్ వీరుడు మైకేల్ జోర్డాన్‌ది. పీఎస్ఏ ఒక్కటే ఆ కార్డులు 20 వేలకు పైగా పరీక్షించింది. పదికి పది దక్కినవి మూడు వందల చిల్లర. 2021 జనవరిలో అలాంటిదొకటి వేలంలో 7,38,000 డాలర్లు పలికింది. తొమ్మిది వచ్చిన అదే కార్డుకు దక్కేది అందులో చిన్న వంతు. మామూలు కంటికి రెండూ ఒకేలా ఉంటాయి. భూతద్దం కింద ఆవగింజంత నలుగుడు బయటపడుతుంది.

★ ధర చెప్పాల్సింది పంపేవారే
కార్డు పంపేటప్పుడు గ్రేడింగ్ అయ్యాక దాని విలువ ఎంత ఉండొచ్చో దరఖాస్తులో మనమే రాయాలి. పీఎస్ఏలో రుసుము శ్రేణి ఆ విలువను బట్టే మారుతుంది. తిరిగి పంపేటప్పుడు చేసే బీమాకూ అదే ఆధారం. తక్కువ రాసి, వచ్చిన గ్రేడుతో విలువ ఆ శ్రేణి దాటిపోతే అదనపు రుసుము పడుతుంది. ఎక్కువ రాస్తే అవసరం లేని ఖర్చు. ఉన్నది ఉన్నట్టు రాయడమే అన్ని విధాలా లాభం.

★ పలక మీద లెక్క
ఉదాహరణకు ఒక కార్డు గ్రేడింగ్ లేకుండా 50 డాలర్లకు అమ్ముడవుతుందనుకుందాం. పది వస్తే 200, తొమ్మిది వస్తే 80, ఎనిమిది వస్తే 45. రుసుము, పోస్టు కలిపి 30. పది వచ్చే అవకాశం పదింట మూడు, తొమ్మిదికి అయిదు, ఎనిమిదికి రెండు అనుకుంటే సగటు రాబడి 60+40+9, అంటే 109 డాలర్లు. ఖర్చు పోను 79. పంపడం లాభమే. అదే కార్డుకు మూల కాస్త నలిగి పది ఆశ లేదనుకోండి. తొమ్మిదికీ ఎనిమిదికీ చెరిసగం అవకాశమైతే సగటు 62.50, ఖర్చు పోను చేతికొచ్చేది 32.50. అప్పుడు ఉన్నదున్నట్టు అమ్ముకోవడమే మేలు.

★ అడిగిన ధర ధర కాదు
కాకి పిల్ల కాకికి ముద్దు. అమ్మేవారు తమ కార్డుకు ఎంతైనా అడుగుతారు. అందుకే అనుభవజ్ఞులు ఈబేలో అమ్ముడైపోయిన వాటి ధరలు, వేలం ఫలితాలు మాత్రమే చూస్తారు. అదే ఏడాది, అదే నంబరు, అదే సంస్థ, అదే గ్రేడు, అదీ ఈ మధ్య అమ్మకమైతేనే పోలిక నిలుస్తుంది.

★ సముద్రంలో కలిసిన సంపద
1952లో టాప్స్ కంపెనీ వేసిన బేస్‌బాల్ సెట్ చివరి భాగం సీజన్ ముగిసే వేళకు బజారుకు వచ్చి అమ్ముడుపోలేదు. మిగిలిన పెట్టెలను 1960లో టాప్స్ ఉద్యోగి సై బెర్గర్ పడవలో తీసుకెళ్లి అట్లాంటిక్‌లో పారబోయించాడు. ఆ భాగంలోనే బేస్‌బాల్ వీరుడు మికీ మాంటిల్ 311వ నంబరు కార్డు ఉంది. 1991లో 50 వేల డాలర్లకు చేతులు మారిన ఒక మాంటిల్ కార్డు, ఎస్జీసీ అనే మరో గ్రేడింగ్ సంస్థ ఇచ్చిన 9.5 గ్రేడుతో 2022 ఆగస్టులో కోటీ 26 లక్షల డాలర్లు పలికింది.

★ కత్తిరింపు బయటపడింది
1909-11 నాటి సిగరెట్ కార్డుల్లో బేస్‌బాల్ ఆటగాడు హోనస్ వాగ్నర్‌ది అత్యంత అరుదైనవాటిలో ఒకటి. ఐస్ హాకీ వీరుడు వేన్ గ్రెట్జ్కీ భాగస్వామితో కలిసి 1991లో 4,51,000 డాలర్లకు కొన్న వాగ్నర్ కార్డు, పీఎస్ఏ పరీక్షించిన మొట్టమొదటి కార్డు. గ్రేడు 8 వచ్చింది. 2007లో 28 లక్షల డాలర్లకు అమ్ముడైంది. దాని అంచులు తానే కత్తిరించానని వేలం వ్యాపారి బిల్ మాస్ట్రో 2013లో ఒప్పుకున్నాడు. కత్తిరించినట్టు తేలిన కార్డుకు నంబరు గ్రేడు దక్కదు. కాబట్టి పంపేముందు కొలత చూడడం తప్పనిసరి. 1957 నుంచి టాప్స్ కార్డు రెండున్నర అంగుళాల వెడల్పు, మూడున్నర అంగుళాల పొడవు.

★ గరుకు అంచూ సాక్ష్యమే
గ్రెట్జ్కీ తొలి కార్డును 1979లో కెనడాలో ఓ-పీ-చీ కంపెనీ వేసింది. అక్కడ షీట్లను తీగతో కోసేవారు కనుక అంచులు గరుకుగా ఉండేవి. ఆ కార్డుకు మరీ నున్నటి అంచు కనిపిస్తే కొనేవారు అనుమానిస్తారు. పీఎస్ఏలో పది వచ్చిన గ్రెట్జ్కీ తొలి కార్డు ఒకటి 2021లో 37.5 లక్షల డాలర్లు తెచ్చింది.

★ అటక మీది పెట్టె
2012లో అమెరికాలోని ఒహాయో రాష్ట్రం డిఫయన్స్ పట్టణంలో, ఓ ఇంటి అటక మీద మసిబారిన అట్టపెట్టెలో 1910 ప్రాంతపు బేస్‌బాల్ కార్డులు సుమారు 700 దొరికాయి. వందేళ్లు ఎవరూ ముట్టకపోవడంతో కొత్తవాటిలా మెరిశాయి. ఇలాంటి నిధి దొరికినప్పుడు మేలైన గ్రేడు కార్డుల సంఖ్య ఒక్కసారిగా పెరుగుతుంది. ఏ గ్రేడులో ఎన్ని ఉన్నాయో చెప్పే పాపులేషన్ రిపోర్టు చూడకుండా విలువ కట్టకూడదనేది అందుకే.

★ డబ్బు చూడని సేకర్త
వాగ్నర్ కార్డున్న సెట్‌కు టీ206 అని పేరు పెట్టింది జెఫర్సన్ బర్డిక్. టీ అంటే టొబాకో. కీళ్లవాతంతో బాధపడుతూనే ఆయన మూడు లక్షలకు పైగా ముద్రిత వస్తువులను ఆల్బమ్‌లకెక్కించి న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియానికి ఇచ్చేశాడు. అందులో బేస్‌బాల్ కార్డులే 30 వేలకు పైమాట.

★ అన్నీ బంగారం కావు
1980ల చివర, 1990ల మొదట్లో కంపెనీలు కార్డులను లెక్కకు మించి అచ్చు వేశాయి. ఆనాటి మామూలు కార్డుల్లో చాలావాటి విలువ గ్రేడింగ్ రుసుముకు కూడా సరిపోదు.

అమెరికాలో ఉన్న మన పిల్లలో మనవళ్లో కార్డుల ప్యాకెట్లు కొంటుంటే ఈ మాటలు చెప్పండి. నచ్చిన కార్డును విప్పిన రోజే పలుచని ప్లాస్టిక్ తొడుగులో పెట్టమనండి. గ్రేడింగ్‌కు డబ్బు కట్టేముందు భూతద్దంతో నాలుగు మూలలూ చూసి, అమ్ముడైన ధరలు వెతికి, కాగితం మీద లెక్క వేయమనండి. లెక్క కుదరకపోతే కార్డు ఇంట్లోనే ఉండనివ్వండి. ఇష్టపడి దాచుకున్నదానికి ఏ గ్రేడూ అక్కర్లేదు.