పదేళ్ల నంబరు

సింగపూర్‌లో మోటార్‌సైకిల్ కొనడం తేలికే. దానికి నంబరు ప్లేటు బిగించడమే కష్టం.

మన దగ్గర షోరూమ్‌లో డబ్బు కడితే బండి చేతికొస్తుంది. గుడి ముందు పూజ చేయించి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించి ఇంటికి తెచ్చుకుంటాం. నంబరు దాని వెనకాలే వస్తుంది. వేలం ఉందంటే అది 9999 లాంటి ఫ్యాన్సీ నంబర్లకే. సింగపూర్‌లో ఏదో ఒక నంబరు దక్కాలన్నా వేలం పాడాల్సిందే.

బుధవారం నాలుగింటికి...

ఆ పాటలో గెలిస్తే వచ్చేది సీఓఈ, అంటే సర్టిఫికెట్ ఆఫ్ ఎంటైటిల్‌మెంట్. బండిని పదేళ్లు తిప్పుకునే హక్కు పత్రం. 1990 మే నుంచి ఇదే పద్ధతి. మోటార్‌సైకిళ్లది ‘డి’ కేటగిరీ. నెలకు రెండుసార్లు, సోమవారం మొదలయ్యే పాట బుధవారం సాయంత్రం నాలుగింటికి ముగుస్తుంది. కోటా ఐదు వందలు అనుకుంటే, ఎక్కువ పాడిన ఐదు వందల మంది గెలుస్తారు. ఓడినవారిలో అందరికన్నా పైన ఉన్న పాటకు ఒక డాలరు కలిపి, గెలిచినవాళ్లంతా ఆ ధరే కడతారు.

ఇంత కట్టడికి కారణం నేల. ఆ చిన్న ద్వీపంలో 12 శాతం భూమి ఇప్పటికే రోడ్లకు పోయింది. 2018 ఫిబ్రవరి నుంచి కార్లు, మోటార్‌సైకిళ్ల సంఖ్యలో పెరుగుదలను సున్నాకు కట్టేశారు. చాలావరకు పాత బండి రోడ్డు దిగితేనే కొత్తదానికి చోటు.

అసలు కంటే కొసరు

2022లో మోటార్‌సైకిల్ సీఓఈ పది వేల సింగపూర్ డాలర్లు దాటింది. నవంబరులో 13,189కి చేరింది. మన లెక్కలో అప్పట్లో ఏడున్నర లక్షల రూపాయల పైమాటే. చిన్న బండి ఖరీదును ఈ కాగితం ఖరీదు మింగేసింది. ఆచితూచి పాడాలని ప్రభుత్వం వేలం డిపాజిట్‌ను అదే ఏడాది 200 డాలర్ల నుంచి 800కు, తర్వాత 1,500కు పెంచింది.

నన్ను కలవరపెట్టేది ఒక్కటే. రెండు వందల సీసీ లోపు బండి మీద భోజనం పార్సిళ్లు చేరవేసే మనిషి, వెయ్యి సీసీ బండి మీద షికారుకెళ్లే మనిషి... ఇద్దరిదీ ఒకే కేటగిరీ, ఒకే పాట. ఒకరికది సరదా, ఇంకొకరికి కూడు. పన్ను విషయంలో ఈ తేడాను సర్కారు ఎప్పుడో గుర్తించింది. 2017 నుంచి అదనపు రిజిస్ట్రేషన్ రుసుము బండి విలువలో మొదటి ఐదు వేల డాలర్లకు 15 శాతం, తర్వాతి ఐదు వేలకు 50, ఆపైన 100. పన్నుకు తెలిసిన న్యాయం వేలానికి ఎందుకు తెలియకూడదు?

పదేళ్లు నిండాక బండిని వదులుకోవాలి, లేదా గడిచిన మూడు నెలల సగటు ధర కట్టి గడువు పొడిగించుకోవాలి. ఇంజిన్ ఇంకా బాగానే నడుస్తుండొచ్చు, ఇల్లు దాని మీదే గడుస్తుండొచ్చు. నేల పెరగదు, నిజమే. ఉన్న నేల మీద పొట్టకూటి బండికి వేరే వరుస గీయడం మాత్రం పాలకుల చేతిలో పనే.