మేజోళ్ళు, కాలక్షేపం, కూలి

1812 ఫిబ్రవరి 27వ తేదీన లండనులో, ప్రభువుల సభలో, ఇరవై నాలుగేళ్ళ యువకుడొకడు తన తొలి ప్రసంగం చేశాడు. ఆ యువకుడు కవి బైరన్. ప్రసంగ విషయం ప్రేమ కాదు, ప్రకృతి కాదు, మేజోళ్ళు. నాటింగ్‌హామ్ ప్రాంతంలో మేజోళ్ళు అల్లే కార్మికులు యజమానుల అల్లిక మగ్గాలను పగులగొడుతున్నారు. అట్టివారికి మరణశిక్ష విధించాలని ప్రభుత్వం బిల్లు తెచ్చింది. బైరన్ దానిని తీవ్రంగా ఖండించాడు. అయినా బిల్లు నెగ్గింది. ప్రతిపక్షం ఎంత బాగా మాట్లాడినా బిల్లులు నెగ్గడం వెస్ట్‌మినిస్టరు నుండి మనకు సంక్రమించిన సంప్రదాయాలలో ఒకటి. మరి పన్నెండు రోజులకు ఆయన కావ్యమొకటి వెలువడింది. లోకం కావ్యాన్ని తలకెత్తుకుని, మేజోళ్ళ ప్రసంగాన్ని మరచిపోయింది.

ఆ కార్మికులు యంత్రద్వేషులని మనకు పాఠ్యపుస్తకాలు చెబుతూ వచ్చాయి. కాని వారు పగులగొట్టిన మగ్గం కొత్త యంత్రమేమీ కాదు. విలియం లీ అనే ఆయన దానిని 1589లోనే కనిపెట్టాడు. వారి తాతలు, ముత్తాతలు దాని మీదనే బ్రతికారు. వారి ఫిర్యాదు వేరు. వెడల్పు మగ్గాల మీద గుడ్డగా అల్లి, దానిని కత్తిరించి, అంచులు కలిపి కుట్టి మేజోళ్ళుగా అమ్ముతున్నారు. అవి నాలుగు నాళ్ళకే కుట్లు విడిపోతున్నాయి. ఆ నాసిరకం సరుకు వల్ల పనికి పేరు పోయింది, కూలి పడిపోయింది. ఇంగ్లీషు సాహిత్యం చదివే రోజులలో ఈ ప్రసంగాన్ని పరీక్ష కోసం చదివాను. కత్తిరించి కుట్టిన మేజోటికీ, ఏక పోగుతో అల్లిన మేజోటికీ గల భేదం మాత్రం ఈ మధ్య ఐదు సూదులు చేత పట్టిన తరువాతనే వ్రేళ్ళకు తెలిసింది.

అవును, గత రెండు శీతకాలాలుగా ఈ విలేఖరి మేజోళ్ళు అల్లుతున్నాడు. పార్లమెంటు సమావేశాలు వాయిదా పడిన మధ్యాహ్నాలు అందుకు మిక్కిలి అనుకూలమైనవి. అట్టి మధ్యాహ్నాలకు మన సభలు ఎన్నడూ లోటు చేయలేదు.

1990ల ప్రారంభంలో నేను ఢిల్లీ వచ్చేనాటికి కృషి భవన్, శాస్త్రి భవన్ల ముందరి పచ్చికలో డిసెంబరు ఎండకు కూర్చుని ఊలు అల్లే మహిళా ఉద్యోగులు రాజధాని దృశ్యాలలో ఒక భాగం. ప్రభుత్వ కాలాన్ని స్వెట్టర్లుగా అల్లుతున్నారని వారి మీద పరిహాసాలు వినవస్తుండేవి. అదే పచ్చిక మీద, అదే భోజన విరామంలో పేకాడే పురుషుల మీద అన్ని పరిహాసాలు పుట్టినట్లు నాకు జ్ఞాపకం లేదు.

నా గురువు ఆ పచ్చిక మీద కూర్చున్నవారిలో ఒకరు. నరసాపురం దగ్గరి పల్లె నుండి 1970ల చివర స్టెనోగ్రాఫరుగా వచ్చి, ఒక మంత్రిత్వ శాఖలో పదవీ విరమణ చేసి, ఇప్పుడు యమునకు ఆవల మయూర్ విహార్‌లో ఉంటున్నారు. నేను అక్కయ్యగారూ అని పిలుస్తాను. ఆమె తమ్ముడుగారూ అంటారు. పక్క బల్ల వద్ద పనిచేసిన లాహౌల్ ప్రాంతపు సహోద్యోగిని ఆమెకు మేజోళ్ళు నేర్పిందట. తొలి జతను ఆమె వేడినీళ్ళలో ఉతికి, గట్టిగా రుద్ది ఆరవేశారు. ఊలు అంతా ముడుచుకుని దళసరి కంబళిగా మారింది. "మా వారి కాలికి అల్లినవి, మా అమ్మాయి బొమ్మకు సరిపోయాయి తమ్ముడుగారూ. ఆ బొమ్మ ఆ చలికాలమంతా హాయిగా గడిపింది" అన్నారు.

అల్లిక పరిభాష ఢిల్లీలో అంతా హిందీయే. సూది సలాయి; కుట్టు ఫందా; ముందు వైపు కుట్టు సీదా, వెనుక వైపు కుట్టు ఉల్టా. రెండు సీదా, రెండు ఉల్టా వరుసగా అల్లుతూ పోతే ఆ పట్టీ సాగుతుంది, వదిలితే మళ్ళీ బిగుస్తుంది, పిక్కను పట్టి నిలుస్తుంది. అన్నీ సీదాలయితే అంచు చుట్టుకుపోతుంది. మన రాజకీయ పక్షాలు ఈ సూత్రాన్ని ఊలు లేకుండానే గ్రహించాయి.

అరవై కుట్లను నాలుగు సలాయిల మీద పదిహేను చొప్పున వేసి, ఐదవదానితో అల్లుతూ గుండ్రంగా తిరగాలి. చీలమండ వరకు ఇది జపమాల త్రిప్పడం వంటిది. మనసు ఎక్కడ ఉన్నా చేతులు నడుస్తాయి. అసలు పరీక్ష మడమ వద్ద. అక్కడ సగం కుట్లను నిద్రపుచ్చి, మిగిలిన ముప్పైతో ముందుకు, వెనుకకు అల్లి ఒక పలకను తయారుచేయాలి. తరువాత వరుస చివరి వరకు పోకుండా మధ్యలోనే వెనుదిరుగుతూ, రెండేసి కుట్లను ఒకటి చేస్తూ పోవాలి. చదునుగా ఉన్న అల్లిక కళ్ళ ముందే గుంటపడి, దోసిలి ఆకారం దాల్చుతుంది. కత్తెర లేదు, అతుకు లేదు, కేవలం లెక్క. ఆ పైన పలక ప్రక్కల నుండి కొత్త కుట్లు ఎత్తుకుని, నిద్రపోతున్నవాటిని లేపి, పాదం వైపు సాగిపోవాలి. ఈ పనిని తొలుత ఊహించినవారు ఎవరో గాని, జ్యామితిలో వారికి ఏ విశ్వవిద్యాలయం పట్టమిచ్చినా తక్కువే.

మడమ ముందు అరుగుతుంది కనుక, మేజోళ్ళకు వాడే ఊలులో నాలుగవ వంతు నైలాను కలిపినది మేలు. ఇది అక్కయ్యగారి సలహా.

చివరకు కాలివ్రేళ్ళ కొసన మిగిలిన కుట్లను రెండు వరుసలుగా ఎదురెదురు పెట్టి, అతుకు కనబడకుండా సూదితో కలుపుతారు. దీనికి ఇంగ్లీషులో కిచ్‌నర్ కుట్టు అని పేరు. ఆ కిచ్‌నర్ మనకు తెలియనివాడు కాడు. 1902 నుండి 1909 వరకు భారతదేశంలో సర్వసైన్యాధిపతి. సైన్యం మీద పెత్తనం ఎవరిదన్న తగాదాలో సాక్షాత్తు కర్జన్ 1905లో వైస్రాయి పదవికి రాజీనామా చేయడానికి కారకుడు. మొదటి ప్రపంచ యుద్ధం నాటికి బ్రిటన్ యుద్ధమంత్రి. మేజోటి అతుకు సైనికుని వ్రేళ్ళను ఒరుసుకుని పుండు చేస్తున్నదని, ఈ కుట్టును ఆయనే ప్రచారం చేశాడని ఒక కథ ఉన్నది. సైన్యాధిపతి స్వయంగా సూది పట్టాడనుకోవడం కష్టమే. కాని పుండు మాత్రం కథ కాదు. తడిసిన మేజోళ్ళతో కందకాలలో నిలబడి పాదాలు కుళ్ళినవారి సంఖ్య ఆ యుద్ధంలో వేలకు వేలు. 1914 శరత్కాలంలో ఫ్రాన్సులో దిగిన భారతీయ సైనికులు కూడ ఆ బురదలోనే నిలిచారు.

పాదం సంగతి రాజ్యానికి ఆలస్యంగా జ్ఞాపకం రావడం అక్కడితో ఆగలేదు. 1962 అక్టోబరులో నామ్కా చూ నది ఒడ్డున మన జవాన్లు పల్చని నూలు దుస్తులతో, కాన్వాసు జోళ్ళతో మంచులో పోరాడవలసి వచ్చింది. కృష్ణమీనన్ మంత్రివర్గం నుండి తప్పుకోక తప్పలేదు. నవంబరు 14న లోక్‌సభ, దురాక్రమణదారును తరిమివేస్తామని ప్రతిజ్ఞా తీర్మానం చేసింది. ఆ రోజులలో దేశంలోని స్త్రీలు బంగారం ఇచ్చారు, జవాన్ల కోసం స్వెట్టర్లు, మేజోళ్ళు అల్లారు. రక్షణ శాఖ చేయవలసిన పనిని కొంత మేరకు వంటింటి గడపలు చేశాయి. ఆ పనిని అప్పుడు ఎవరూ కాలక్షేపమనలేదు, దేశసేవ అన్నారు. కూలి లేనందున పేరు ఘనంగా పెట్టారు. ఇక 2020 ఫిబ్రవరిలో పార్లమెంటుకు సమర్పించిన ఆడిటర్ జనరల్ నివేదికలో, 2015 నవంబరు నుండి 2016 సెప్టెంబరు వరకు ఎత్తైన మంచు ప్రాంతాలలోని సైనికులకు బూట్లు అందక, పాతవాటినే మళ్ళీ బాగుచేసి వాడుకోవలసి వచ్చిందని ఉన్నది.

అక్కయ్యగారి సహోద్యోగిని ఊరు లాహౌల్ అన్నాను. రోహతాంగ్ కనుమకు ఆవల ఉన్న ఆ లోయ ఏటా ఇంచుమించు ఆరు నెలలు మంచులో మూతబడి ఉండేది. 2020 అక్టోబరు 3న 9.02 కిలోమీటర్ల అటల్ సొరంగం ప్రారంభమైన తరువాతనే శీతకాలంలో దారి ఏర్పడింది. ఆ దీర్ఘ శీతకాలాలలో లాహౌల్ స్త్రీలు రంగురంగుల త్రికోణాలు, చతురస్రాలు పొదిగి మేజోళ్ళు అల్లుతారు. ఈ విద్యను అక్కడికి తెచ్చినవారు పందొమ్మిదవ శతాబ్దంలో కేలాంగ్‌లో స్థిరపడిన మొరేవియన్ క్రైస్తవ మిషనరీలు. మిషనరీ భార్య మరియా హైడే అక్కడ అల్లిక పాఠశాల నడిపింది. జర్మనీ సూదులు, హిమాలయపు రంగులు కలిసిన ఆ మేజోళ్ళకు 2021లో భౌగోళిక గుర్తింపు లభించింది.

ఈ కథ విన్నప్పుడు తెలుగు పాఠకులకు వేరొక ఊరు తలపునకు రాక మానదు. నరసాపురం ప్రాంతంలో లేసు అల్లికను నేర్పినదీ పందొమ్మిదవ శతాబ్దపు మిషనరీలే. అక్కడ సూదులు ఐదు కాదు. కొక్కెం గల సూది ఒకటే. ఆ లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అంతకు చాలా ముందే, 1982లో, జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ నరసాపురం లేసు స్త్రీలను గురించి ఒక గ్రంథం ప్రకటించి, లోకం దృష్టిని అటు త్రిప్పింది. ఆమె పట్టుకున్న కిటుకు ఒక మాట. ఈ స్త్రీలు ఎగుమతి వ్యాపారానికి దినమంతా పని చేస్తున్నా, వారిని గృహిణులనే పిలుస్తారు. పనిని తీరిక వేళ కాలక్షేపమంటారు. కాలక్షేపానికి కూలి బేరం ఏమిటి? సంఘమేమిటి? కనీస వేతనమేమిటి? నూలు ఏజెంటు తెచ్చి ఇస్తాడు, అల్లిన సరుకు పట్టుకుపోతాడు, అతడు చెప్పినదే రేటు.

"మా అమ్మ లేసు అల్లింది, నేనూ పెళ్ళి దాకా అల్లాను. అప్పుడు కళ్ళు మండేవి, కాని మానడానికి వీలులేదు. ఇప్పుడు కళ్ళు మండితే మేజోడు పక్కన పెట్టి కాఫీ తాగుతాను. తేడా అంతే తమ్ముడుగారూ" అన్నారు అక్కయ్యగారు. మరియా మీస్ గ్రంథాన్ని ఆమె చదవలేదు. చదవవలసిన అవసరం నాకు కనబడలేదు.

గత జనవరిలో దక్షిణ ఢిల్లీ దుకాణదారుడొకడు ఆమె అల్లిన జత చూసి ముచ్చటపడి, వంద జతలు కావాలన్నాడు. జతకు ఆరు వందలు ఇస్తానన్నాడు. అక్కయ్యగారు స్టెనోగ్రాఫరు పుస్తకంలో లెక్క వేశారు. జతకు సుమారు పదహారు వేల కుట్లు. ఆమె వేగానికి పదిహేను గంటలు. (నా వేగానికి ఒక పూర్తి సమావేశ కాలం; ఆ లెక్క ఇక్కడ అనవసరం.) ఊలు ఖర్చు మూడు వందలు పోగా గంటకు ఇరవై రూపాయలు. యంత్రం మేజోటిని నిమిషాల మీద దింపుతుంది కనుక ఇంతకంటె ఇవ్వలేనని దుకాణదారుని వాదన. అతని వాదనలో అసత్యం లేదు. "అయితే ఉచితంగా ఇస్తాను, అమ్మను" అని ఆమె లేచి వచ్చేశారు. పింఛను వస్తున్నది గనుక ఆమె లేచి రాగలిగారు. కేలాంగ్‌లోనో, నరసాపురంలోనో ఉన్నవారికి ఆ వెసులుబాటు ఉండదు.

చేతిపనికి ఢిల్లీలో అడగదగిన చోటు ఒకటి ఉండేది. 1952లో ఏర్పడి, కమలాదేవి చటోపాధ్యాయ దీర్ఘకాలం నడిపిన అఖిల భారత హస్తకళల బోర్డు అది. 2020 ఆగస్టులో ప్రభుత్వం దానిని రద్దు చేసింది. ఆ బోర్డు తుది సంవత్సరాలలో గొప్పగా పని చేసిందని వాదించేవాడిని కాను. కాని చేతిపనివారు తమ మాట చెప్పుకునే కుర్చీ సరిగా లేకపోతే కుర్చీని బాగుచేయాలి గాని, గదికే తాళం వేయడం ఏమి పరిపాలన?

జాతీయ గణాంక కార్యాలయం 2024లో జరిపిన కాల వినియోగ సర్వే ప్రకారం, ప్రతిఫలం లేని ఇంటిపనిలో పాల్గొనే స్త్రీలు దానిపై రోజుకు 289 నిమిషాలు, పురుషులు 88 నిమిషాలు వెచ్చిస్తున్నారు. అట్టి సర్వేల పద్ధతిలో మేజోడు అమ్మకానికైతే ఉపాధి గడిలో పడుతుంది. ఇంటివారి కాలికైతే సొంత వినియోగపు ఉత్పత్తిలో. సరదాకైతే విశ్రాంతి, వినోదాల గడిలో. కుట్టు అదే, సూది అదే. అక్కయ్యగారి మేజోటిని చూసి గణకుడు ఏ గడిలో వ్రాయాలో చెప్పలేడు. నరసాపురం లేసును దశాబ్దాలుగా ఏ గడిలో వ్రాస్తూ వచ్చారో మాత్రం ఊహించవచ్చు.

మేజోళ్ళు అయ్యాక మిగిలే ఊలు ముక్కలను ఆమె పారవేయరు. వాటితో బెత్తెడు బొమ్మలు చేస్తారు. సంక్రాంతికి మయూర్ విహార్ ఇంట్లో బొమ్మల కొలువులో కొండపల్లి ఏనుగు అంబారీ పక్కన అవి బారులు తీరుతాయి: పాలవాడు, చలికి ముసుగు పెట్టుకున్న రిక్షావాడు, అగ్గిపెట్టె అంత ఊలు కుర్చీలో స్పీకరు. స్పీకరు నోరు మాత్రం ఆమె కుట్టలేదు. ఎందుకని అడిగితే, "ఆయన మాట ఎవరు వింటున్నారు?" అన్నారు. నిరుడు కొన్ని బొమ్మలను ఒక జత మేజోళ్ళతో సహా నరసాపురం దగ్గర ఇంకా లేసు అల్లుతున్న చెల్లెలికి పంపారు. గోదావరి ఒడ్డున ఆ ఉక్కలో ఊలు మేజోళ్ళు ఏమి చేసుకోమంటావని చెల్లెలు ఫోనులో నవ్విందట. కొలువు ఎత్తేసిన తరువాత బొమ్మలను ఆ మేజోళ్ళలో మూటగట్టి, వచ్చే సంక్రాంతి వరకు అటక మీద పెట్టిందట.