సిగ్నిఫికెంట్ అంటే ‘చాలా’ అనేనా?

‘ఈ పౌడర్ వాడినవాళ్ల బరువు సిగ్నిఫికెంట్‌గా తగ్గిందని స్టడీలో తేలింది’... ఫోన్‌లో ఇలాంటి వార్త కనిపిస్తే ఏమనుకుంటాం? బోలెడు బరువు తగ్గారనే కదా! తీరా చూస్తే తగ్గింది రెండొందల గ్రాములే కావచ్చు. అలాగని వార్త అబద్ధం కాదు. చిక్కంతా ఆ పదంతోనే.

దీని మూలం లాటిన్. అందులో ‘సిగ్నమ్’ అంటే గుర్తు. దేన్నో సూచించేది అన్నదే పాత అర్థం, ‘ముఖ్యమైనది’ అనేది తర్వాత వచ్చి చేరింది. ఇంగ్లిష్ నవలలో ఎవరైనా ‘సిగ్నిఫికెంట్ లుక్’ విసిరితే, ఆ చూపులో ఏదో చెప్పకనే చెబుతున్నారని.

తెలుగులో దీనికి ఒక్క మాట సరిపోదు. అమ్మకాలైతే ‘గణనీయంగా’ పెరుగుతాయి, అంటే లెక్కలోకి తీసుకునేంతగా. ఏకాదశికైతే ‘విశిష్టత’. ఫిజిక్స్‌లో సిగ్నిఫికెంట్ ఫిగర్స్ ‘సార్థక అంకెలు’ అయ్యాయి. భలే కుదిరిన మాట ఇది! 3.40లో చివరి సున్నా ఉత్తదే అనిపిస్తుంది గానీ, వందో వంతు దాకా కొలిచామని చెప్పేది అదే. ఇక ‘సిగ్నిఫికెంట్ అదర్’ అంటే భర్తో, భార్యో, లవరో. దాన్ని మాటకు మాట తెలుగు చేస్తే కాపురాలు కూలతాయి.

అసలు తంటా స్టడీల దగ్గరే. రొనాల్డ్ ఫిషర్ 1925లో రాసిన పుస్తకంతో 5 శాతం గీత బాగా పాపులర్ అయింది. మందు అస్సలు పనిచేయకపోయినా, ఇంత తేడా లేదా ఇంతకన్నా ఎక్కువ తేడా కాకతాళీయంగా కనిపించే అవకాశం 5 శాతం లోపే ఉంటే ‘సిగ్నిఫికెంట్’ అంటారు. అంతే. తేడా పెద్దదా, చిన్నదా అన్నది అందులో లేదు. వేలమంది మీద పరీక్షిస్తే పిసరంత తేడా కూడా ఆ గీత దాటేస్తుంది. ఇరవైమంది మీదే చేస్తే మంచి మందు కూడా దాటకపోవచ్చు. ఈ గీతను మరీ నమ్ముకోవద్దని అమెరికన్ స్టాటిస్టికల్ అసోసియేషన్ 2016లోనే చెప్పింది. 2019లో ‘నేచర్’ జర్నల్‌లో వచ్చిన ఒక వ్యాసమైతే, ఈ ముద్రనే మానేద్దామంది. దానికి 800 మందికి పైగా పరిశోధకులు సంతకాలు చేశారు.

కాబట్టి వాట్సాప్‌లో షుగర్ తగ్గించే పొడి గురించి ఇదే మాట వస్తే, ఎంత తగ్గింది, ఎంతమందిలో, దేంతో పోలిస్తే అని అడగండి. మూడు నెలల సగటు చూపే షుగర్ టెస్టులో 9 కాస్తా 8.9 అయినా, పెద్ద స్టడీలో అది సిగ్నిఫికెంటే కావచ్చు. అమ్మ రోజూ వేసుకునే మాత్ర ఆపించడానికి మాత్రం అది చాలదు.