రాఘవాపురం నుంచి కాలిఫోర్నియాకు, మళ్లీ బెజవాడకు

విజయవాడలో నలుగురు పాస్టర్లు కలిసి సంఘాభివృద్ధి గురించి మాట్లాడుకుంటే, మాట తిరిగి తిరిగి కాలిఫోర్నియాలోని శాడిల్‌బ్యాక్ సంఘం మీదికో, సియోల్‌లోని యోయిడో సంఘం మీదికో పోతుంది. వాళ్లు అలా చేశారట, మనమూ చేద్దాం అనుకుంటారు. అందులో తప్పేమీ లేదు. కాకపోతే ఆ అమెరికా పాఠంలో కొన్ని పేజీలు మన పల్లెలు రాయించినవేనన్న సంగతి ఎవరికీ గుర్తుండదు.

శాడిల్‌బ్యాక్ సంఘాన్ని 1980లో మొదలుపెట్టిన రిక్ వారెన్ మీద డొనాల్డ్ మెక్‌గావ్రన్ ప్రభావం ఎంతో ఉంది. ఆ మాట వారెనే రాసుకున్నారు. మెక్‌గావ్రన్ మన దేశంలోనే, దమోహ్‌లో పుట్టిన మిషనరీ కొడుకు. 1965లో కాలిఫోర్నియాలోని ఫుల్లర్ సెమినరీకి వెళ్లి సంఘాభివృద్ధిని ఒక శాస్త్రంలా బోధించారు. ఆయనకు దారి చూపినది మిషనరీ వాస్కమ్ పికెట్ 1933లో వెలువరించిన పుస్తకం. మన దేశంలో ఊళ్లకు ఊళ్లు, కులాలకు కులాలు క్రైస్తవంలోకి ఎలా వచ్చాయన్నది దాని విషయం. పికెట్ పరిశీలించిన ప్రాంతాల్లో గుంటూరు, కంభం ఉన్నాయి. అలాంటి ఉద్యమాలకు ఆద్యులుగా చెప్పుకునేవారిలో కృష్ణా జిల్లా రాఘవాపురానికి చెందిన పాగోలు వెంకయ్య ఒకరు.

వెంకయ్య కన్నా ముందు బందరు సంగతి చెప్పుకోవాలి. 1841లో చర్చి మిషనరీ సొసైటీ తరఫున రాబర్ట్ నోబుల్, హెన్రీ ఫాక్స్ అక్కడ దిగారు. పై కులాల పిల్లలకు ఇంగ్లిషుతోపాటు బైబిలూ చెబితే, వాళ్ల ద్వారా మిగతా సమాజం మారుతుందని నోబుల్ నమ్మకం. కలకత్తాలో అలెగ్జాండర్ డఫ్ 1830లో మొదలుపెట్టిన దారి కూడా అదే. 1843లో తెరిచిన నోబుల్ బడి పేరు తెచ్చుకుంది, కాలేజీగా ఎదిగింది. బాప్తిస్మాలు మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్నే. ఒక్కో కుర్రాడు క్రైస్తవుడు కాగానే ఇంటికి, కులానికి దూరమయ్యేవాడు. అతని వెనక ఇంకెవరూ వచ్చేవారు కాదు. నోబుల్ 1865లో బందరులోనే కన్నుమూశారు.

ఆ నోబుల్ బతికుండగానే, 1859లో, బెజవాడలో పనిచేస్తున్న అదే సొసైటీ మిషనరీ డార్లింగ్ దొర వెంకయ్యకు బాప్తిస్మం ఇచ్చారు. వెంకయ్య మాల కులస్థుడు, నడివయసు మనిషి, బళ్లో చదివినవాడు కాదు. ఆయన తన వాళ్లను విడిచి రాలేదు, తన వాళ్ల దగ్గరికే తిరిగి వెళ్లాడు. మాట బంధువుల ఇళ్ల గుండా, పేట నుంచి పేటకు నడిచింది. మిషన్ వేసుకున్న ప్రణాళికలో లేనిది జరిగింది, మిషన్ దాని వెంట పరుగెత్తాల్సి వచ్చింది.

కృష్ణ దాటి దక్షిణానికి పోతే ఇదే కథ మరో కులంలో కనిపిస్తుంది. మాదిగ కులానికి చెందిన ఎర్రగుంట్ల పేరయ్య తోళ్ల వ్యాపారం మీద ఉత్తరం వైపు తిరుగుతూ ఏలూరు వైపు తొలిసారి సువార్త విన్నాడని చెబుతారు. ఆ తోళ్ల దారులే తర్వాత సువార్త దారులయ్యాయి. ఒంగోలు బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇప్పించారు. ఈ అంకె అందరికీ తెలుసు. దాని వెనక ఉన్నదాన్ని తక్కువమంది చెబుతారు. కరువు రోజుల్లో క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి చూపించారు. అన్నం కోసం వచ్చారన్న మాట పడకుండా, ఆ సాయం నడిచినన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపేశారు. ఏ సెమినార్‌లోనైనా ముందుగా చెప్పవలసింది ఆ ఆపడం గురించే అని నా అభిప్రాయం.

పికెట్ తేల్చిన వాటిలో నాకు ముఖ్యంగా తోచినది ఒకటుంది. మనిషి ఏ ఉద్దేశంతో సంఘంలోకి వచ్చాడన్నదాని కన్నా, వచ్చిన తర్వాత అతనికి ఎలాంటి బోధ, ఎలాంటి ఆలనాపాలనా దొరికాయన్నదే అతని తర్వాతి జీవితాన్ని ఎక్కువగా తీర్చిదిద్దిందట. మన పల్లెల్లో ఆ పని చేసినవాడు ఉపదేశి. పగలు పిల్లలకు అఆలు, రాత్రి పెద్దలకు వాక్యం, ఆదివారం ఆరాధన, మధ్యలో తగవులు తీర్చడం, జబ్బు చేసినవాళ్ల పక్కన కూర్చోవడం, అన్నీ అతనివే.

ఈ ఉపదేశిని కేంద్రంగా పెట్టుకుని పనిచేసినవారు బిషప్ అజరయ్య. పొరుగు సంఘం నుంచి నేర్చుకోవడం అంటే ఏమిటో చూడాలంటే ఆయన్నే చూడాలి. తిరునల్వేలి తమిళ క్రైస్తవులు 1903లో సొంత డబ్బుతో, సొంత మనుషులతో ఒక మిషనరీ సంఘం పెట్టుకున్నారు. దాని స్థాపకుల్లో అజరయ్య ఒకరు. తెలుగు నేర్చుకుని డోర్నకల్ వచ్చారు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో అభిషేకం పొంది మొదటి భారతీయ ఆంగ్లికన్ బిషప్ అయ్యారు. తర్వాత కృష్ణా ప్రాంతపు సంఘాలూ ఆయన మేత్రాసనంలో చేరాయి. తమిళనాడు నుంచి తెచ్చిన సూత్రం ఒక్కటే: సంఘం తన ఖర్చు తానే భరించాలి, తన సువార్త తానే చెప్పాలి. మిగతాదంతా ఇక్కడిది. ఉపదేశులతోపాటు వాళ్ల భార్యలకూ శిక్షణ ఇచ్చారు. కొత్తగా బాప్తిస్మం పొందిన ప్రతి ఒక్కరితోనూ ‘సువార్త చెప్పకపోతే నాకు శ్రమ’ అని చేయి తలమీద పెట్టించి పలికించారు. డోర్నకల్ కేథడ్రల్‌ను గోథిక్ పద్ధతిలో కాకుండా గుడి స్తంభాలు, మసీదు గుమ్మటాలు కలిపి కట్టించారు.

బంధువుల గుండా పెరిగిన సంఘానికి ఒక మూల్యం ఉంది. మనుషులు తమవాళ్లతో కలిసి రావడానికే ఇష్టపడతారని మెక్‌గావ్రన్ సూత్రం చెప్పింది. నిజమే. కానీ మన దగ్గర తమవాళ్లంటే కులం. ఇది మాలల చర్చి, అది మాదిగల చర్చి అనే మాట మన జిల్లాల్లో ఎంతమంది విన్నారో చెప్పనక్కర్లేదు. 1977లో పాసడీనాలో అంతర్జాతీయ సువార్తిక లోసాన్ ఉద్యమం పెట్టిన సమావేశంలో ఈ సూత్రం మీద గట్టి వాదనే జరిగింది. అమెరికాలో అది సిద్ధాంత చర్చ, మనకు పెళ్లి సంబంధాల దాకా వచ్చే సంగతి. దీన్ని అభివృద్ధి పాఠంలో ఒక లోపంగానైనా రాయకుండా దాటేయడం నాకు మింగుడుపడదు.

మనం ఆదర్శంగా చూసే పెద్ద సంఘాలకూ తమ లోపాలు తెలిసొచ్చాయి. చికాగో దగ్గరి విల్లో క్రీక్ సంఘం తన సభ్యులను తానే సర్వే చేయించుకుని, కార్యక్రమాలకు ఎక్కువగా వచ్చినంత మాత్రాన భక్తి ఎదగడం లేదని 2007లో బయటపెట్టింది. యోయిడో సంఘంలో 1960లలో పెద్ద పాస్టరు అలసిపోయి కూలబడితే ఇంటింటి కూటాలను ఆడవాళ్ల చేతిలో పెట్టాల్సి వచ్చింది. ఇంటింటికీ వెళ్లి వాక్యం చెప్పిన మన బైబిలు స్త్రీలు ఆ పనే అంతకు ముందు నుంచీ చేశారు, పేరూ జీతమూ పెద్దగా లేకుండా.

ప్రవాసంలో ఉన్న మనం స్వగ్రామ సంఘానికి పంపే డబ్బు చాలావరకు స్లాబుకో, సౌండ్ సిస్టమ్‌కో పోతుంది. శిలాఫలకం మీద పేరు పడుతుంది గనుక అది సహజం. ఉపదేశికి ఏడాది జీతం ఇస్తే ఎక్కడా పేరు చెక్కరు. ఈసారి ఊరి పెద్దలతో ఫోన్‌లో మాట్లాడేటప్పుడు, కొత్తగా వచ్చినవాళ్ల ఇళ్లకు వారం వారం వెళ్తున్నది ఎవరు, ఆ మనిషికి ఎంత ముడుతోంది అని అడిగి చూడండి.